55 దాటిన డైవర్లకు బెండ్స్ ముప్పు ఎంత? హేవ్‌లాక్ ప్లాన్‌లో ఏం మార్చాలి?

భీమిలి_కెరటం అడిగారు:

విశాఖ నుంచి తొమ్మిది మందిమి ఫిబ్రవరిలో స్కూబా డైవింగ్‌కి అండమాన్‌లోని హేవ్‌లాక్ వెళ్తున్నాం. నలుగురు 55 దాటినవాళ్లే, పెద్దాయనకు 67. అందరికీ అడ్వాన్స్‌డ్ కార్డు ఉంది, తలా 40 నుంచి 200 డైవ్‌లు చేసినవాళ్లు. ట్రిప్ ప్లాన్ చేసే పని నామీద పడింది.

ఇప్పటికి అనుకున్నది ఇది: నాలుగు రోజులు, రోజుకు రెండు డైవ్‌లు, మూడో రోజు అదనంగా నైట్ డైవ్. అన్నిటికంటే లోతు జానీస్ గార్జ్‌లో 28 మీటర్లు. నాలుగో రోజు మధ్యాహ్నం 12కి ఆఖరి డైవ్ ముగుస్తుంది. అయిదో రోజు ఉదయం 9:30కి పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫ్లైట్.

ఆ నలుగురిలో ఒకరు బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు, ఒకరు షుగర్‌కి మెట్‌ఫార్మిన్. ఒకరికి పొట్ట బాగా ఉంది. 67 ఏళ్లాయనకు రెండేళ్ల క్రితం మోకాలి చిప్ప మార్పిడి అయింది.

వయసు వల్లే బెండ్స్ (పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలై కలిగే జబ్బు) వస్తుందా, లేక వయసుతో వచ్చే మిగతావాటి వల్లనా? చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో ఏం మార్చాలి? నైట్రాక్స్‌కి (ఆక్సిజన్ పాలు పెంచిన గాలికి) డబ్బు పెట్టడం దండగా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నత్రజని_లెక్క:

మొదటి ప్రశ్నకు జవాబు: రెండూ ఉన్నాయి, కానీ సమానంగా కాదు. డైవ్ అయ్యాక గుండె మీద డాప్లర్ (ధ్వని తరంగాల పరికరం) పెట్టి బుడగలు విన్న అధ్యయనాల్లో, ఒకే లోతు, ఒకే సమయం గడిపినా పెద్ద వయసువాళ్లలో బుడగలు ఎక్కువ వినిపించాయి. ఒంట్లో కొవ్వు ఎక్కువున్నవాళ్లలో, వ్యాయామ సామర్థ్యం తక్కువున్నవాళ్లలోనూ అంతే. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి ఉంటాయి కాబట్టి వయసు వాటా ఇంత అని విడదీయడం కష్టం. వయసు ఒక్కటే అడ్డమైతే 2019లో రే వూలీ 96వ ఏట సైప్రస్ దగ్గర జెనోబియా ఓడ శిథిలం మీద 40 మీటర్లు దాటి దిగి, క్షేమంగా పైకి వచ్చేవారు కాదు.

కారణాలు మాత్రం శరీరంలో స్పష్టంగా ఉన్నాయి. నైట్రోజన్ నీటిలో కంటే కొవ్వులో దాదాపు అయిదు రెట్లు ఎక్కువ కరుగుతుంది. కొవ్వుకు రక్తప్రసరణ తక్కువ, అందుకే ఎక్కించుకున్నది దించుకోవడానికి గంటలు పడుతుంది. వయసుతో రక్తనాళాలు బిరుసెక్కుతాయి, పాత దెబ్బలు తగిలిన కీళ్లలో రక్తం సరిగా ఆడదు. ఇంకోటి, బుడగ వల్ల వెన్నుపాములో దెబ్బ తగిలితే 25 ఏళ్ల కుర్రాడి నరాలు కోలుకున్నట్టు 65లో కోలుకోవు. అంటే వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది, వస్తే మిగిలిపోయే నష్టం ఇంకా ఎక్కువ పెరుగుతుంది. జాగ్రత్త పెంచమనడానికి నాకు ఈ రెండోదే అసలు కారణం.

రిక్రియేషనల్ డైవింగ్‌లో మొత్తంమీద బెండ్స్ పదివేల డైవ్‌లకు రెండు నుంచి నాలుగు అని సాధారణంగా చెబుతారు. ఆ కొన్నిట్లో మనవాళ్లు ఉండకుండా చూడటానికి చేతిలో ఉన్న మీటలు నాలుగు: లోతు, సమయం, పైకి వచ్చే వేగం, డైవ్‌ల మధ్య విరామం.

కంప్యూటర్ సంగతి. బూల్మాన్ లెక్కతో (నైట్రోజన్ ఎక్కడం, దిగడం అంచనా వేసే సూత్రంతో) నడిచేదైతే గ్రేడియంట్ ఫ్యాక్టర్లు, అంటే ఎంత జాగ్రత్తగా లెక్క వేయాలో చెప్పే రెండు అంకెలు, ఉంటాయి. షీర్‌వాటర్ కంప్యూటర్ల రిక్రియేషనల్ మోడ్‌లో మామూలుగా 40/85 ఉంటుంది, హై కన్జర్వేటిజం పెడితే 35/75 అవుతుంది. ఆ నలుగురికీ 35/75 పెట్టండి, లేదా కస్టమ్‌లో రెండో అంకెను 70కి దించండి. చాలామంది మొదటి అంకెను 20కో 30కో దించి చాలా జాగ్రత్త పడ్డామనుకుంటారు. డీకో (పైకి వస్తూ దారిలో తప్పనిసరిగా ఆగడం) లేని డైవ్‌లో మొదటి అంకెకు పనే లేదు, నో-డీకో నిమిషాలను నిర్ణయించేది రెండోదే. 85 అంటే శరీరం భరించగలదని లెక్క వేసిన అదనపు ఒత్తిడిలో 85 శాతంతో బయటపడుతున్నామని అర్థం. 70 అంటే అందులో 15 శాతం వదులుకున్నట్టు. సుంటో లాంటి కంపెనీల కంప్యూటర్లలో పర్సనల్ సెట్టింగ్‌ను రెండు మెట్లు కఠినంగా పెట్టండి.

గ్రూపులో అందరివీ ఒకే రకం కంప్యూటర్లు ఉండవు. జోడీలో ఎవరి కంప్యూటర్ ముందు పైకి రమ్మంటే ఇద్దరూ దాన్నే పాటించాలి. ఈ మాట పడవ ఎక్కకముందే అందరి చేతా ఒప్పించండి. నీళ్లలో వాదించుకోలేం.

నైట్రాక్స్ దండగ కాదు, ఈ వయసువాళ్లకు మొదట డబ్బు పెట్టాల్సింది దానికే. 32 శాతం మిశ్రమంతో 28 మీటర్లలో ఉంటే నైట్రోజన్ ఎక్కడం గాలితో 22.7 మీటర్లలో ఉన్నట్టే. పాడి (PADI) అనే శిక్షణ సంస్థ డైవ్ టేబుల్‌లో 28 మీటర్లను 30 వరుసలో చూడాలి, అక్కడ గాలితో పరిమితి 20 నిమిషాలు. 22.7ని 25 వరుసలో చూస్తే 29 నిమిషాలు. ఈ తొమ్మిది నిమిషాలూ కిందే గడిపేస్తే మళ్లీ మొదటికే వస్తారు. నైట్రాక్స్ పీల్చండి, 20 నిమిషాలకే పైకి రండి. కొందరు కంప్యూటర్‌ను గాలి మీదే ఉంచి నైట్రాక్స్ పీలుస్తారు, అలా చేస్తే ఆక్సిజన్ లోతు హద్దును కంప్యూటర్ చెప్పదు. 32 శాతానికి, ఆక్సిజన్ ఒత్తిడి 1.4 బార్ దాటకూడదన్న లెక్కన, హద్దు 33 మీటర్లు, దాన్ని మీరే గుర్తుపెట్టుకోవాలి. నైట్రాక్స్ కార్డు లేనివాళ్లు విశాఖలోనే కోర్సు పూర్తి చేసుకుని బయలుదేరడం మంచిది. ట్యాంక్‌ను అనలైజర్‌తో కొలిచి, శాతం, హద్దు టేపు మీద రాసి అంటించాకే కట్టుకోండి.

ఇక షెడ్యూల్. మూడో రోజు నైట్ డైవ్ తీసేయండి. ఆ రోజు ఉదయం ఒక్క డైవ్‌తో ఆపితే నైట్రోజన్‌ను నెమ్మదిగా దించుకునే కణజాలాలకు అయిదారు గంటలు కాదు, ఇరవై గంటలు దొరుకుతాయి. లోతైన డైవ్ ఎప్పుడూ రోజులో మొదటిదే. జానీస్ గార్జ్ తర్వాత లైట్‌హౌస్ లాంటి 12, 14 మీటర్ల చోటుకు వెళ్లండి. మధ్యలో కనీసం 90 నిమిషాల విరామం, ఈ నలుగురికి రెండు గంటలు.

ఫ్లైట్ విషయంలో మీ ప్లాన్ తప్పు. 12కి ఆఖరి డైవ్, మర్నాడు 9:30కి ఫ్లైట్ అంటే ఇరవై ఒకటిన్నర గంటలు. చాలా రోజులు వరుసగా చేసిన డైవ్‌లకు కనీసం 18 గంటలన్నది 2002 నాటి సిఫార్సు, ఆ లెక్కన సరిపోతుంది. కానీ అది ఆరోగ్యవంతులకు చెప్పిన కనిష్ఠం. ఈ నలుగురికి 24 గంటలు దాటించండి. నాలుగో రోజు ఒకే డైవ్ చేసి తొమ్మిదింటికల్లా ముగించండి, లేదా మధ్యాహ్నం ఫ్లైట్‌కి మారండి.

లోతు_ప్రేమికుడు:

నత్రజని గారూ, బాగా చెప్పారు. ఒకటి కలపనా: పెద్దవాళ్లకు సగం లోతులో ఒక డీప్ స్టాప్ పెడితే బుడగలు చిన్నగా ఉన్నప్పుడే అణిగిపోతాయి కదా. 28 మీటర్ల డైవ్‌కి 14 దగ్గర రెండు నిమిషాలు ఆగమనండి.

నత్రజని_లెక్క:

ఒకప్పుడు అందరం అదే చెప్పేవాళ్లం అండీ. అమెరికా నేవీ 2011లో ప్రచురించిన ప్రయోగం ఆ నమ్మకాన్ని మార్చింది. మొత్తం డీకో సమయం సమానంగా ఉంచి, ఒక వర్గాన్ని లోతులో ఎక్కువసేపు ఆపారు, ఇంకో వర్గాన్ని పైన ఎక్కువసేపు ఆపారు. లోతులో ఆగినవాళ్లకు 198 డైవ్‌లలో 10 సార్లు బెండ్స్ వచ్చింది, పైన ఆగినవాళ్లకు 192లో 3 సార్లు. కారణం తేలికే. 14 మీటర్ల దగ్గర వేగంగా నిండే కణజాలం ఖాళీ అవుతుంటే, నెమ్మదిగా నిండే కొవ్వు, కీళ్లు ఇంకా నింపుకుంటూనే ఉంటాయి. ముసలివాళ్లకు ముప్పు వచ్చేది ఆ నెమ్మది కణజాలాల నుంచే. ఆ ప్రయోగం 50 మీటర్లు దాటిన డీకో డైవ్‌ల మీద జరిగిన మాట నిజమే, కానీ 28 మీటర్లలో డీప్ స్టాప్‌తో లాభం ఉందనడానికి కూడా ఆధారం దొరకలేదు. ఆ రెండు నిమిషాలూ అయిదు మీటర్ల దగ్గర కలపండి, 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ 5 అవుతుంది.

అసలు కష్టం సేఫ్టీ స్టాప్ తర్వాతే. 30 నుంచి 20 మీటర్లకు వస్తే ఒత్తిడి 4 నుంచి 3 బార్‌కి, అంటే పావు వంతు తగ్గుతుంది. 10 నుంచి పైకి వస్తే 2 నుంచి 1కి, సగానికి పడిపోతుంది. ఆగడం అయిపోగానే డైవర్లు ఆ చివరి అయిదు మీటర్లు పది సెకన్లలో వచ్చేస్తారు. దానికి కనీసం ఒక నిమిషం తీసుకోవాలి. లైన్ పట్టుకుని, ఒక్కో చేయి మార్చుకుంటూ, గాలి పూర్తిగా వదులుతూ రమ్మనండి.

కడలి_వైద్యం:

లెక్కలు ఇద్దరూ బాగా చెప్పారు. నేను వైద్యం వైపు నుంచి చెబుతాను, దాని బరువు ఇంకా ఎక్కువ. 50 దాటిన డైవర్ నీటిలో ప్రాణం పోగొట్టుకునేది ఎక్కువగా బెండ్స్ వల్ల కాదు, గుండె వల్ల. డైవింగ్ మరణాల్లో సుమారు నాలుగో వంతుకి గుండె జబ్బే మొదటి కారణం. నీళ్లలో మునగగానే కాళ్లలో ఉండే రక్తం అర లీటరుకు పైగా ఛాతీలోకి వస్తుంది, గుండె మీద భారం పెరుగుతుంది, ఆపైన కరెంటుకు ఎదురీత. బెండ్స్ లెక్కలు పూర్తిగా పాటించి, గుండెను చూపించుకోకుండా వెళ్లడం తలుపు వేసి కిటికీ తెరిచి పడుకోవడమే.

డైవ్ సెంటర్ ఇచ్చే మెడికల్ ఫారంలో 45 దాటినవాళ్లకు విడిగా ఒక బాక్సు ఉంటుంది: పొగతాగడం, కొలెస్టరాల్, బీపీ, దగ్గరి బంధువుల్లో 50లోపు గుండెపోటు. ఒక్కదానికి అవునన్నా డాక్టర్ సంతకం కావాలి. అక్కడ దీవిలో దిగాక "కాదు" అని టిక్ పెట్టేయమని ఎవరైనా అంటే వినకండి. ఇక్కడే, ట్రిప్‌కి నెల ముందే, నలుగురికీ ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ చేయించండి. ట్రెడ్‌మిల్‌లో బ్రూస్ ప్రోటోకాల్ మూడో దశ పూర్తి చేస్తే, అంటే తొమ్మిది నిమిషాలు ఛాతీ నొప్పి, ఈసీజీ మార్పు లేకుండా నడిస్తే, సుమారు 10 మెట్స్ (ఊరికే కూర్చున్నప్పటి శ్రమకు పది రెట్లు) సామర్థ్యం ఉన్నట్టు. సాధారణ డైవ్‌కి 6 మెట్స్ తేలిగ్గా చాలాసేపు చేయగలగాలి, అత్యవసరానికి 10 ఉండాలి. ఆరు నిమిషాలకే ఆయాసపడితే ఈ సీజన్ డైవ్ మానేసి, రోజూ ముప్పావు గంట చురుగ్గా నడిచి వచ్చే ఏడాది వెళ్లమనండి.

షుగరాయన విషయం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే డైవ్‌లో షుగర్ పడిపోయే అవకాశం తక్కువ. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఉంటే పద్ధతి కఠినంగా ఉండాలి: దూకడానికి గంట ముందు, అరగంట ముందు, చివరి క్షణంలో మూడుసార్లు గ్లూకోమీటర్‌తో చూడాలి. అంకె 150కి పైన ఉండాలి, నిలకడగానో పెరుగుతూనో ఉండాలి, పడిపోతూ ఉండకూడదు. 300 దాటితే ఆ రోజు డైవ్ లేదు. 30 మీటర్లు, గంట సేపు, ఇవి దాటకూడదు. పడవలో గ్లూకోజ్ పొడి చేతికందేలా ఉంచండి.

బీపీ అదుపులో ఉండి, అవయవాల మీద ప్రభావం లేకపోతే ఆమ్లోడిపిన్‌తో డైవ్ చేయొచ్చు. కానీ బీపీ ఉన్నవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరే ఒక ప్రమాదం ఉంది, దాన్ని బెండ్స్ అనుకుని పొరపడతారు. నీళ్లలో ఉండగానే దగ్గు, ఆయాసం, గురగుర, ఒక్కోసారి గులాబీ రంగు నురగ వస్తాయి. బెండ్స్ పైకి వచ్చాక మొదలవుతుంది, ఇది సాధారణంగా కిందే మొదలవుతుంది. అలా అనిపిస్తే వెంటనే పైకి, నీళ్ల బయటికి, కూర్చోబెట్టి ఆక్సిజన్. పడుకోబెట్టకూడదు, నీళ్లు తాగించకూడదు.

"బెండ్స్ రాకుండా డైవ్‌కి ముందు రెండు లీటర్ల నీళ్లు తాగు" అనే సలహాను వీళ్లకు చెప్పకండి. ముందు రోజంతా మామూలుగా తాగాలి, మూత్రం లేత పసుపులో ఉంటే చాలు. డైవ్‌కి ముందు అరగంటలో ఒక గ్లాసు. బీపీవాళ్లు గట్టిగా బిగించిన వెట్‌సూట్ వేసుకుని ఒకేసారి నీళ్లు పట్టిస్తే పైన చెప్పిన ఆ ప్రమాదమే కొనితెచ్చుకున్నట్టు.

గుండె గదుల మధ్య చిన్నప్పటి రంధ్రం మూసుకోకుండా ఉండటం పెద్దల్లో నూటికి పాతికమందిలో కనిపిస్తుంది. అందరికీ పరీక్ష అక్కర్లేదు. ఇంతకుముందు సరిగ్గా డైవ్ చేసినా తల తిరగడం, చర్మం మీద పాలరాయి మచ్చలు, నరాల లక్షణాలు వచ్చినవాళ్లకైతే బుడగల ఎకో చేయించాలి.

మోకాలి చిప్ప మార్చుకున్నాయన సంగతి: లోహంలో నైట్రోజన్ దాక్కోదు. గాయం మాని, ఫిజియోథెరపీ పూర్తయి, బరువుతో నిచ్చెన ఎక్కగలిగితే సరే. చిక్కు ఎక్కడంటే, ఆ మోకాలు నొప్పి పెడితే అది బెండ్సో పాత నొప్పో తేల్చలేకపోవడం.

పడవ_దీపం:

డాక్టర్ గారు ఆపిన చోట నేను అందుకుంటాను, ఎందుకంటే పెద్దవాళ్ల విషయంలో అసలు ఆలస్యం ఇక్కడే జరుగుతుంది. కుర్రాడికి డైవ్ తర్వాత భుజం లాగితే "ఏదో తేడాగా ఉంది" అంటాడు. అరవై దాటినాయన "ఇది నాకు మామూలే" అంటాడు. తల తిరిగితే మెడ అరుగుదల, పాదం తిమ్మిరెక్కితే షుగర్, మూత్రం రాకపోతే ప్రోస్టేట్ అనుకుంటారు. వెన్నుపాములో బుడగలు మూత్రాన్ని ఆపేస్తాయి, నడుము చుట్టూ బిగించినట్టు నొప్పి వస్తుంది. ఇలా రాత్రంతా సర్దిచెప్పుకుంటూ పడుకుని, పొద్దున కాలు ఈడుస్తూ లేస్తారు.

దీనికి మందు ఒక కాగితం. మొదటి డైవ్‌కి ముందు రోజు సాయంత్రం, ఒక్కొక్కరికి పది నిమిషాలు తీసుకుని ఈ వివరాలు రాసి పెట్టండి: ఇప్పటికే ఉన్న నొప్పులు ఎక్కడ, ఏ వేలు తిమ్మిరి, ఎన్నిసార్లు రాత్రి లేస్తారు. గుండుసూది కొనతో రెండు అరికాళ్లు, మోకాళ్లు, చేతులు తాకి రెండు వైపులా ఒకేలా తెలుస్తోందా అని అడగండి. వేళ్లతో మీ చేతిని గట్టిగా పిసకమనండి. ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, కళ్లు మూసుకుని 60 సెకన్లు నిలబడమనండి. కుర్రవాళ్లు నిలబడతారు. 67 ఏళ్లాయన 15 సెకన్లకే తూలవచ్చు, అది ఆయనకు మామూలు. ఆ 15 రాసిపెట్టి ఉంటేనే రేపు 4 సెకన్లకు పడిపోయినప్పుడు తేడా తెలుస్తుంది. రాయకపోతే "పెద్దాయన కదా, తూలతారు" అని వదిలేస్తారు.

నొప్పిని ఎలా పోల్చాలంటే, కీళ్ల అరుగుదల నొప్పి కదిపితే పెరుగుతుంది, నొక్కితే ఒక చోట తగులుతుంది. బెండ్స్ నొప్పి లోపల సలుపుతూ ఉంటుంది, నొక్కినా కదిపినా పెద్దగా మారదు, ఏ వైపు పడుకున్నా హాయిగా ఉండదు. ఇది అనుమానం పెంచడానికే, తీసేయడానికి వాడకండి. డైవ్ చేసిన 24 గంటల్లో వచ్చిన కొత్త లక్షణం ఏదైనా, వేరే కారణం తేలేదాకా బెండ్స్ కిందే లెక్క. అమెరికా నేవీ లెక్కల్లో సుమారు 42 శాతం మందికి గంటలోపు, 83 శాతానికి ఎనిమిది గంటల్లోపు, 98 శాతానికి 24 గంటల్లోపు లక్షణాలు కనిపించాయి. కాబట్టి రాత్రి భోజనాల దగ్గర ఆ నలుగురినీ ఒకసారి పలకరించండి.

ఇంకోటి, నిచ్చెన. ట్యాంకు, బెల్టు కలిపి పాతిక కిలోల దాకా బరువుతో ఊగే పడవ ఎక్కుతూ ఊపిరి బిగపడితే, ఛాతీలో ఒత్తిడి పెరిగి సిరల్లోని బుడగలు ఆ గుండె రంధ్రం గుండా ధమనుల్లోకి దాటొచ్చు. బుడగలు ఎక్కువగా ఉండేది కూడా పైకి వచ్చిన ఆ మొదటి గంటా రెండు గంటల్లోనే. పడవవాళ్లకు ముందే చెప్పండి: వీళ్లు నీళ్లలోనే వెయిట్లు విప్పి ఇస్తారు, తర్వాత బీసీడీ (గాలి నింపే జాకెట్) విప్పి ఇస్తారు, ఫిన్స్ చివర్లో, ఖాళీ ఒంటితో ఎక్కుతారు. వెయిట్లే ముందు, బీసీడీ గాలితో నిండి ఉండగా. వరస మారిస్తే బెల్టుతో మునుగుతారు. పడవ ఎక్కాక ట్యాంకులు మోయడం, లంగరు లాగడం వద్దు. గదికి వెళ్లగానే వేడివేడి నీళ్ల స్నానం కూడా గంట రెండు గంటలు ఆగి చేయమనండి.

భీమిలి_కెరటం:

చాలా థాంక్స్ అండీ అందరికీ. నైట్ డైవ్ తీసేశాను, ఫ్లైట్ మధ్యాహ్నానికి మార్చుతున్నాను, ట్రెడ్‌మిల్ అపాయింట్‌మెంట్లు పెడుతున్నాను. ఒక్క సందేహం. డైవ్ సెంటర్‌వాళ్లు "పడవలో ఆక్సిజన్ ఉంది" అన్నారు. అది చాలా?

పడవ_దీపం:

"ఉంది" అంటే సరిపోదండీ, ఎన్ని నిమిషాలకు ఉందో అడగాలి. 10 లీటర్ల నీటి పరిమాణం ఉన్న సిలిండర్‌ను 150 బార్‌కి నింపితే 1,500 లీటర్ల గ్యాస్. నిమిషానికి 15 లీటర్ల చొప్పున, సంచి ఉన్న నాన్-రీబ్రీదర్ మాస్క్‌తో ఇస్తే 100 నిమిషాలకు అయిపోతుంది. ఇప్పుడు దారి లెక్క వేయండి. సైట్ నుంచి జెట్టీకి ముప్పావు గంట, జెట్టీలో ఎదురుచూపు, హేవ్‌లాక్ నుంచి శ్రీ విజయపురం దాకా, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌కి, వేగంగా వెళ్లే ఫెర్రీ అయినా గంటన్నర, అక్కడి నుంచి ఆసుపత్రికి ఇంకో అరగంట. నాలుగు గంటలకు తగ్గదు. 240 నిమిషాలు, 15తో హెచ్చిస్తే 3,600 లీటర్లు. ఒక మనిషికి దాదాపు రెండున్నర సిలిండర్లు, అంటే మూడు. పడవలో ఒకటి, షాపులో రెండు నింపి ఉన్నాయా అని గేజ్ ఫొటో పంపమని అడగండి. ఫ్లో మీటర్ 15 దాకా ఉందా, సిలిండర్ తెరిచే తాళంచెవి గొలుసుతో కట్టి ఉందా కూడా అడగండి. చాలా పడవల్లో ముక్కు గొట్టాలు పెట్టి నిమిషానికి నాలుగు లీటర్లు ఇస్తారు, దానితో బుడగలో నైట్రోజన్ కడిగేంత ఆక్సిజన్ అందదు.

కడలి_వైద్యం:

దీనికి రెండు కలుపుతాను. ఆక్సిజన్ పెట్టిన అరగంటలో నొప్పి తగ్గితే "బాగుపడింది, ఆపేద్దాం" అంటారు. తగ్గడమే అది బెండ్స్ అనడానికి ఆధారం, ఆపకండి, ఛాంబర్‌కి (ఒత్తిడి పెంచి చికిత్స చేసే గదికి) తీసుకెళ్లండి. మళ్లీ నీళ్లలోకి దింపి ఆ ఒత్తిడితో బుడగలు అణచాలనే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బెండ్స్ అయితే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టండి, తెలివిగా ఉండి వాంతులు లేకపోతే కొద్దికొద్దిగా నీళ్లు, మద్యం అసలు వద్దు. హెలికాప్టర్ వస్తే 300 మీటర్లకు మించి ఎగరొద్దని పైలట్‌కి చెప్పాలి.

రీకంప్రెషన్ ఛాంబర్ శ్రీ విజయపురంలోని నేవీ ఆసుపత్రి ధన్వంతరిలో ఉంది. బయలుదేరే వారం ముందే అది పనిచేస్తోందా, రాత్రిపూట ఎవరిని పిలవాలి అన్నది డైవ్ సెంటర్ ద్వారా కనుక్కుని నంబరు అందరి ఫోన్లలో పెట్టించండి. చికిత్స సాధారణంగా టేబుల్ 6: 18 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో ఆక్సిజన్, తర్వాత 9 మీటర్లకు తగ్గించి మళ్లీ ఆక్సిజన్, మొత్తం 4 గంటల 45 నిమిషాలు, అవసరమైతే పొడిగిస్తారు. అంతసేపు ఆక్సిజన్ పీలిస్తే షుగర్ ఉన్నవాళ్లకు గ్లూకోజ్ పడిపోవచ్చు, అందుకని ఆ షుగరాయన గ్లూకోమీటర్, మందుల జాబితా, మీరు రాసిన నరాల పరీక్ష కాగితం, డైవ్ కంప్యూటర్, నాలుగూ ఒక సంచిలో పెట్టి మనిషితో పాటే పంపండి. కంప్యూటర్‌ను ఎవరూ రీసెట్ చేయకండి, డాక్టర్ మొదట చూసేది అందులోని ప్రొఫైలే.